బరువైన గొంతుకు వీరుడి పాత్ర

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ రెండో సంవత్సరం. చర్చి క్వయర్‌లో ఆల్టో, అంటే కింది స్థాయి గొంతుతో పాడుతుంది. ఒపెరా, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం, నేర్చుకుంటానంటోంది. అంత బరువైన గొంతుకు దాది, ముసలమ్మ పాత్రలే వస్తాయని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, వాళ్లు చెప్పింది 19వ శతాబ్దపు ఒపెరాల గురించి. అంతకు ముందు నూరేళ్ల కథ వేరు. 1724లో లండన్‌లో సంగీతకర్త హాండెల్ ప్రదర్శించిన ‘జూలియో చేజరె’లో సీజర్ పాత్ర ఆల్టో గొంతుకు రాసిందే. పాడింది సెనెసినో. మగపిల్లల గొంతు మారకుండా చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసేవారు, ఆయన అలా గాయకుడైన మనిషి. ఆ క్రూరమైన ఆచారం పోయింది, పాత్రలు మిగిలాయి.

అప్పట్లో ఆడవాళ్లూ ఈ వేషాలు కట్టారు. 1711లో హాండెల్‌దే ‘రినాల్దో’ ఒపెరాలో సేనాని గొఫ్రేదోగా పాడింది ఫ్రాంచెస్కా వనీని అనే కాంట్రాల్టో, అంటే బాగా కింది స్థాయి గొంతున్న గాయని. మన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రల్లో మెప్పించారు కదా, ఇది దానికి తిరగేసినట్టు. గ్లక్ అనే సంగీతకర్త 1762లో వియన్నాలో మగ ఆల్టో కోసం రాసిన ఓర్ఫియో పాత్రను 1859లో పారిస్‌లో గాయని పోలీన్ వియార్దో పాడి గొప్ప పేరు తెచ్చుకుంది.

ఈ పాటలకు గొంతు బరువు ఒక్కటే చాలదు. మొదటి భాగం, రెండో భాగం అయ్యాక మళ్లీ మొదటికి వస్తారు. మనం పల్లవికి తిరిగొచ్చి సంగతులు వేసినట్టే, అక్కడ గాయని తన సొగసులు చేర్చాలి. వేగంగా సాగే స్వరాలకు ఊపిరి నిలవాలి.

పోటీ ఉందని కూడా చెప్పాలి. ఇవే పాత్రలకు ఇప్పుడు కౌంటర్‌టెనర్లు, అంటే పైస్థాయిలో పాడే మగవాళ్లు వస్తున్నారు. అవకాశాలు ఎక్కువగా యూరప్‌లోనే ఉన్నాయి. అందుకే డిగ్రీ మాన్పించకండి. ఈలోగా ట్రినిటీ గానీ ఏబీఆర్‌ఎస్‌ఎం గానీ (రెండూ లండన్ సంగీత పరీక్షల సంస్థలు) గాత్రం గ్రేడ్ పరీక్షలు రాయించండి, ఇటాలియన్ మొదలుపెట్టించండి. చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది, వెళ్లి కనుక్కోండి. విదేశీ కాలేజీలో ఆడిషన్ నెగ్గి, స్కాలర్‌షిప్ సంగతి తేలేదాకా అప్పు చేయకండి.

వయసు దాటిపోతోందని టెన్షన్ పడొద్దు. కింది స్థాయి గొంతులు పండడానికి ఇరవైల చివరిదాకా పడుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టించుకోండి: గొంతును బలవంతంగా సొప్రానోకి, అంటే ఆడవాళ్ల పైస్థాయికి లాగే టీచర్ దగ్గర ఒక్క నెల కూడా ఉంచకండి. పాడాక గొంతు బొంగురుపోతోందా అని ప్రతి క్లాసు తర్వాత అమ్మాయిని అడగండి.