కొడుకు సంతకం చాలదు చిన్నా

చిన్నా,

డల్లాస్ నుంచి నువ్వు పంపిన నమూనా కార్డులు అందాయి. అట్ట బావుంది, అంచుల కటింగ్ ఇంకా బావుంది. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో సెట్ వేసి అమ్ముతానంటే నాకూ సరదాగానే ఉంది. కానీ ఫోన్లో "పోయినవాళ్లే కదా పెదనాన్నా, ఎవరడుగుతారు?" అన్నావు చూడు, అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది.

న్యూజెర్సీ ఎడిసన్‌లో ప్రెస్ నడిపే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఆటగాడి కొడుకు మా షాపుకొచ్చి, కాఫీ తాగి, "మా నాన్న బొమ్మ వేసుకోండి" అని సంతకం పెట్టాడు. నాలుగు వేల కార్డులు కొట్టాం. నెల తిరక్కుండా లాయర్ నోటీసు వచ్చింది. తన పేరు, ముఖం వ్యాపారానికి వాడుకునే హక్కును తండ్రి బతికుండగానే ఒక ఏజెన్సీకి రాసిచ్చేశాడట. కార్డులన్నీ కటింగ్ మెషిన్ కింద పెట్టి నేనే కోశాను. కత్తి దిగిన ప్రతిసారీ ఆ నవ్వు ముఖాలు యాభై చొప్పున రెండు ముక్కలయ్యాయి.

అందుకే ఎవరు సరేనన్నా కాగితం చూపించమను. వీలునామా ఉందా, ఎవరికైనా రాసిచ్చారా అని అడుగు. వారసులు నలుగురుంటే ఒక్కడి మాట పనికిరాదు. కాలిఫోర్నియాలో సగానికి పైగా వాటా ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. అక్కడ వారసులు హక్కును ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుంటారు, ఆ జాబితా ఆన్‌లైన్లో చూడొచ్చు.

దానికన్నా ముందు, ఆ మనిషి పోయేనాటికి ఏ రాష్ట్రం వాడో కనుక్కో. ఎక్కడ ఆడాడన్నది కాదు. పోయిన తర్వాత ఈ హక్కు మీ టెక్సాస్‌లో 50 ఏళ్లు, కాలిఫోర్నియాలో 70 ఏళ్లు ఉంటుంది. న్యూయార్క్‌లో 2021 మే దాకా అసలు లేదు. ఇప్పుడు 40 ఏళ్లు ఇచ్చారు గానీ, అంతకుముందు పోయినవాళ్లకి వర్తించదు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1948లో న్యూయార్క్‌లో పోయాడు. ఆయన బొమ్మలు క్యాలెండర్లో వేశారని కుటుంబం కేసు వేస్తే 1990లో ఓడిపోయింది. అలాగని రూత్ కార్డులు ధైర్యంగా కొట్టెయ్యకు. ఇండియానా చట్టం 100 ఏళ్లు ఇస్తుంది, పైగా ఆ మనిషి ఎక్కడివాడన్నది పట్టించుకోదు. ఆన్‌లైన్లో పెట్టాక ఆర్డర్ ఇండియానా నుంచి రాదని నువ్వు చెప్పగలవా?

అసలు అమెరికాలో ఈ హక్కుకి "రైట్ ఆఫ్ పబ్లిసిటీ" అని పేరు పెట్టిందే చూయింగ్ గమ్‌తో ఇచ్చే ఆటగాళ్ల కార్డుల తగాదాలో, 1953లో. మన వ్యాపారంలో పుట్టిన గొడవే అన్నమాట!

ఇంకో విషయం. ముఖం హక్కు వేరు, ఫోటో తీసినవాడి కాపీరైట్ వేరు, జట్టు గుర్తు వేరు. కార్డులు వేసే పనినీ లాంటి పెద్ద కంపెనీకే ఆటగాళ్ల యూనియన్ లైసెన్స్ ఉండి లీగ్ లైసెన్స్ లేక, బేస్‌బాల్ కార్డుల్లో టోపీల మీద గుర్తులు చెరిపేసి వేయాల్సి వచ్చింది. నువ్వు పంపినవాటిలో మూడో కార్డు చూడు, టోపీ మీద అక్షరం ఎంత స్పష్టంగా ఉందో.

ఆ ఫోటో ఎక్కడ దొరికిందో, ఎవరు తీశారో రాసి పెట్టు. ఒక గంట లాయర్ ఫీజు నేనిస్తాను. ఆదివారం ఫోన్ చేస్తా, అప్పటిదాకా ప్రెస్‌కి అడ్వాన్స్ ఇవ్వకు.

పెదనాన్న