వీఏ ఎగ్జామ్ ఆగిపోయింది, బ్యాక్ పే మీద ఆశతో ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో శాన్ ఆంటోనియో దగ్గర అద్దెకి ఉంటున్నాం. మా వారు ఎనిమిదేళ్లు అమెరికా ఆర్మీలో చేసి, 2019 అక్టోబరు 15న బయటికి వచ్చారు. మధ్యలో అఫ్ఘానిస్థాన్ కూడా వెళ్లొచ్చారు. మోకాలు, నడుము నొప్పులు, చెవుల్లో హోరు మిగిలాయి. 2020 జనవరిలో తనే ఆన్‌లైన్‌లో వీఏకి, అంటే అమెరికా మాజీ సైనికుల శాఖకి, సర్వీసులో వచ్చిన ఈ బాధలకి నెలనెలా పరిహారం కోరుతూ డిజెబిలిటీ క్లెయిమ్ పెట్టారు. ఏప్రిల్‌లో జరగాల్సిన మెడికల్ ఎగ్జామ్ కోవిడ్ వల్ల రద్దయింది. 2021 ఫిబ్రవరి వచ్చినా మళ్లీ డేట్ లేదు. నవంబరులో తెలియని నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి, మెసేజ్ ఏమీ లేదు. ఇంతలో ఆయనకి గోడౌన్ ఉద్యోగంలో గంటలు తగ్గించారు. కార్డు మీద 6,000 డాలర్లు పేరుకున్నాయి, వడ్డీ 22 శాతం. తెలిసినవాళ్లు ఒక కంపెనీ గురించి చెప్పారు: వాళ్లు త్వరగా చేయిస్తారట, రేటింగ్ (వీఏ నిర్ణయించే వైకల్యం శాతం) వచ్చాక ఐదు నెలల డబ్బు వాళ్లకి కట్టాలట. ఎలాగూ బ్యాక్ పే, అంటే ఆగిన నెలల బకాయి, పెద్ద మొత్తం వస్తుంది కదా అని 2,50,000 డాలర్లలో ఇల్లు కూడా చూస్తున్నాం. ఎగ్జామ్ లేటయిన కొద్దీ మా డబ్బు పోతున్నట్టేనా?

జవాబు: పోవడం లేదమ్మా. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

డబ్బు ఎగ్జామ్ జరిగిన రోజు నుంచి లెక్కకి రాదు. ఎఫెక్టివ్ డేట్ అనేది ఒకటుంటుంది. మామూలుగా అది క్లెయిమ్ అందిన రోజు. కానీ సర్వీసు నుంచి బయటికి వచ్చిన ఏడాదిలోపు క్లెయిమ్ పెడితే, బయటికి వచ్చిన మర్నాడే ఎఫెక్టివ్ డేట్ అవుతుంది. మీ వారు మూడు నెలల్లోనే పెట్టారు. కాబట్టి ఆయన తేదీ 2019 అక్టోబరు 16, చెల్లింపు మొదలయ్యేది నవంబరు 1 నుంచి. ఎగ్జామ్ వచ్చే నెలలో జరిగినా, వచ్చే ఏడాది జరిగినా ఆ తేదీ కదలదు. అయితే ఒక మాట. వీఏ ఈ బకాయి మీద పైసా వడ్డీ ఇవ్వదు. మీ కార్డు కంపెనీ మాత్రం 6,000 మీద నెలకి సుమారు 110 డాలర్లు తీసుకుంటోంది. మీకు నిజంగా నష్టం జరుగుతున్నది అక్కడ.

ఇక ఆ "పెద్ద మొత్తం" సంగతి. భార్యాపిల్లల కోసం కలిపేది వదిలేసి, ఒక్క ఆయన పేరు మీద రేట్లు తీసుకుని 2021 జనవరి దాకా 15 నెలలకి లెక్క వేశాను. రేటింగ్ 70 శాతం వస్తే 21,400 డాలర్ల దాకా. 50 వస్తే 13,400. 30 వస్తే 6,500. పది శాతమే ఇస్తే 2,100. ఎంత తేడా ఉందో చూశారా? పైగా వీఏ కూడిక మనం బళ్లో నేర్చుకున్న కూడిక కాదు. మోకాలికి 30, నడుముకి 20, చెవుల హోరుకి 10 ఇచ్చారనుకోండి, కలిపితే 60 రాదు, 50 వస్తుంది. మొదటిది తీసేశాక మిగిలిన ఆరోగ్యంలోంచి రెండోది లెక్కిస్తారు. చెవుల హోరుకైతే ఎంత బాధున్నా 10 శాతమే. ఇందులో ఏ అంకె మీద మీరు ఇంటి బడ్జెట్ వేస్తారు? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది. వీఏ నిర్ణయం ఉత్తరం చేతికి వచ్చేదాకా నెలవారీ లెక్కలో ఈ డబ్బు సున్నా.

అసలు ఎందుకు ఆగిందో తెలిస్తే ఏం చెయ్యొచ్చో తెలుస్తుంది. వీఏ 2020 ఏప్రిల్ మొదట్లో ఎదురుగా చూసే ఎగ్జామ్‌లన్నీ ఆపేసింది, మే ఆఖరు నుంచి ఊరూరా మెల్లగా మళ్లీ మొదలుపెట్టింది. ఈలోపు మానసిక సమస్యల ఎగ్జామ్‌లు వీడియోలో చాలావరకు నడిచాయి. మోకాలి సంగతి అలా కాదు. కాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలపరికరం పెట్టి చూడాలి. వినికిడి పరీక్షకి శబ్దం రాని గది కావాలి. మీవారివి సరిగ్గా ఈ రకం సమస్యలు కాబట్టి క్యూలో వెనకపడ్డారు. దీనికితోడు సైనికుల పాత రికార్డులు దాచే సెయింట్ లూయిస్ కేంద్రం కూడా 2020 మార్చి నుంచి చాలాకాలం కొద్దిమందితోనే నడిచింది. 125 రోజులు దాటిన క్లెయిమ్‌లని వీఏ బ్యాక్‌లాగ్ అంటుంది. 2021 ఫిబ్రవరిలో అవి రెండు లక్షల పైన ఉన్నాయి.

దారి లేకపోలేదు. ఫైల్లో సరిపడా వైద్య రికార్డు ఉంటే, మనిషిని పిలవకుండా కాగితాలు చూసి, అవసరమైతే ఫోన్లో మాట్లాడి తేల్చే పద్ధతి వీఏలో ఉంది. అందుకని ఇప్పుడే మోకాలికి, నడుముకి చూపించుకోమనండి. యుద్ధ ప్రాంతంలో పనిచేసినవారికి బయటికి వచ్చాక పదేళ్లపాటు (2022కి ముందు ఐదేళ్లు) ఆ సర్వీసుకి సంబంధించిన సమస్యలకి వీఏ ఆసుపత్రిలో ఉచిత వైద్యం ఉంది. డిజెబిలిటీ రేటింగ్ రాకపోయినా చేరవచ్చు. మందూ దొరుకుతుంది, రికార్డూ పెరుగుతుంది. చాలామంది ఈ వైద్యాన్నీ, క్లెయిమ్‌నీ ఒకటే అనుకుని, క్లెయిమ్ తేలేదాకా నొప్పి ఓర్చుకుంటూ కూర్చుంటారు. మనవాళ్లలో అయితే ఇంకా ఎక్కువ. హెచ్1బీ, గ్రీన్ కార్డు గురించి రాత్రి పన్నెండింటికి అడిగినా చెప్పే వాట్సాప్ గ్రూపుల్లో వీఏ అంటే వీసా అనుకుంటారు. మీకు అడగడానికి ఎవరూ దొరక్కపోవడం సహజమే.

బయటి డాక్టరు చేతా డీబీక్యూ అనే వీఏ ఫారం నింపించవచ్చు. 2020లో ఆ ఫారాల్ని వీఏ సైటు నుంచి తీసేసింది. 2021 జనవరి 5న సంతకమైన చట్టం వాటిని మళ్లీ అందరికీ అందుబాటులో పెట్టమంది. డాక్టరు ఫీజు మాత్రం మీదే. నేనైతే ముందు ఉచితంగా దొరికే వీఏ వైద్యం రికార్డు పెంచి, దాంతో కదలకపోతేనే ఈ ఖర్చు పెడతాను.

ఆ కంపెనీని మర్చిపోండి. మొదటి క్లెయిమ్ తయారుచేసి పెట్టినందుకు ఎవరూ డబ్బు తీసుకోకూడదని చట్టం. గుర్తింపు ఉన్న లాయర్లు, ఏజెంట్లు కూడా వీఏ మొదటి నిర్ణయం ఇచ్చాక, దాన్ని సవాలు చేసే పనికే ఫీజు అడగాలి. మామూలుగా బకాయిలో 20 శాతం. అయితే రూలు తప్పితే పడే శిక్షని 2006లో చట్టంలోంచి తీసేశారు, అందుకే ఇలాంటివాళ్లకి భయం లేదు. మీకు 50 శాతం వచ్చిందనుకోండి, 2021 రేటు ప్రకారం ఐదు నెలలంటే 4,525 డాలర్లు. పైగా ఎగ్జామ్‌ల క్యూని వాళ్లు ముందుకు జరపలేరు. "వచ్చే డబ్బు మీద ఇప్పుడే అప్పు ఇస్తాం" అనేవాళ్లూ తగులుతారు. వీఏ డబ్బుని ఇంకొకరికి రాసివ్వడం చట్టప్రకారం చెల్లదు. ఇదే సాయం డీఏవీ, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంస్థలు, టెక్సస్ వెటరన్స్ కమిషన్ ఉచితంగా చేస్తాయి. ఆయన ఒంటరిగా పెట్టారు కాబట్టి ఇప్పుడైనా వీళ్లలో ఒకరిని ప్రతినిధిగా పెట్టుకోమనండి. అద్దె బకాయి నోటీసులాంటిది ఉంటే, ఇబ్బందుల్లో ఉన్నామని ఆధారాలతో ప్రాధాన్యం కోరే దరఖాస్తు వాళ్లే వేయిస్తారు.

కార్డు విషయంలో బ్యాంకుకి ఫోన్ చేసి హార్డ్‌షిప్ ప్రోగ్రాం ఉందా అని అడగండి. కోవిడ్ కాలంలో చాలా బ్యాంకులు వడ్డీ తగ్గించి వాయిదాలు కట్టించుకున్నాయి.

ఇల్లు. ఇక్కడ మీకు తెలియని ఒక మంచి విషయం ఉంది. వీఏ లోను, అంటే వీఏ హామీతో వచ్చే ఇంటి అప్పు, మొదటిసారి, డౌన్ పేమెంట్ లేకుండా తీసుకుంటే ఫండింగ్ ఫీజు పడుతుంది, 2021లో అది 2.3 శాతం ఉండేది. 2,50,000 మీద అది 5,750 డాలర్లు. డిజెబిలిటీ కాంపెన్సేషన్ తీసుకునేవాళ్లకి ఆ ఫీజు లేదు. నిర్ణయం రాకముందే మీరు ఇల్లు కొని ఫీజు కట్టినా, తర్వాత వచ్చే రేటింగ్ ఎఫెక్టివ్ డేట్ లోను క్లోజింగ్ (లోను ఖరారయ్యే రోజు)కి ముందుంటే అది వెనక్కి వస్తుంది. మీది 2019 కాబట్టి ముందే ఉంటుంది. అయితే దాన్ని అడిగి తీసుకోవాలి. ఫీజుని లోనులోనే కలిపేసి ఉంటే చేతికి రాదు, అసలులో తగ్గిస్తారు. కాబట్టి ఫీజు భయంతో ఇల్లు వాయిదా వెయ్యక్కర్లేదు. మీరు వాయిదా వెయ్యాల్సింది వేరే కారణానికి: తగ్గిన గంటల జీతంతో ఈఎంఐ కట్టగలరా? బ్యాక్ పే ఒకసారి వచ్చి అయిపోతుంది, ఈఎంఐ ముప్పై ఏళ్లు ఉంటుంది. ఆయన గంటలు పూర్తిగా తిరిగొచ్చి, కార్డు సగమైనా తీరాక ఇల్లు చూడండి.

చివరగా, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే గుబులు పుట్టించింది నవంబరు మిస్డ్ కాల్స్. ఈ ఎగ్జామ్‌లు ఎక్కువగా వీఏ తరఫున క్యూటీసీ, వీఈఎస్ లాంటి కాంట్రాక్టు సంస్థలు ఏర్పాటు చేస్తాయి, వాళ్ల నంబర్లు మనకి తెలియనివే. కోవిడ్ భయంతో వెళ్లలేకపోతే ఆ మాట ఫోన్ చేసి చెప్పండి, వేరే తేదీ అడగండి, ఎవరితో ఏ రోజు మాట్లాడారో రాసిపెట్టుకోండి. ఏమీ చెప్పకుండా మానేస్తే ఫైల్లో ఉన్న కాగితాలతోనే తేల్చేస్తారు. రేపు పొద్దున్నే 1-800-827-1000కి ఫోన్ చేసి, ఎగ్జామ్ రిక్వెస్ట్ తెరిచి ఉందా, ఏ సంస్థకి పంపారు, వాళ్ల దగ్గర మీ నంబరు, చిరునామా సరిగ్గా ఉన్నాయా అని మీ వారి చేత అడిగించండి. మెసేజ్ లేదన్నారు కదా, ఆయన ఫోన్‌లో వాయిస్‌మెయిల్ నిండిపోయిందేమో కూడా ఈ రాత్రే చూడండి.