పొట్ట ఆపరేషన్ గురించి అడిగావు కదా, చిన్నీ

చిన్నీ,

రాత్రి పన్నెండు దాటాక నువ్వు పంపిన మెసేజ్ పొద్దున్నే చూశాను. పాప పుట్టి పద్నాలుగు నెలలైనా నిన్న ఎవరో "మళ్ళీ ఎన్నో నెల?" అని అడిగారని రాశావు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. రెండో కానుపు తర్వాత నన్నూ అడిగారు, అదీ లిఫ్టులో, నలుగురి ముందు. కింద నాలుగు ఆపరేషన్ల పేర్లు రాసి "పెద్దమ్మా, వీటిలో ఏది చేయించుకోను?" అన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా సర్జరీ వార్డులో నర్సుగా చేశాను, నలభై ఒకటో ఏట వీటిలో ఒకటి నేనూ చేయించుకున్నాను, కాబట్టి మంచం పక్కన నిలబడటం ఎలా ఉంటుందో, మంచం మీద పడుకోవడం ఎలా ఉంటుందో రెండూ తెలుసు.

నువ్వు పేర్ల దగ్గర మొదలుపెట్టావు. అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కానుపు తర్వాత పొట్ట ముందుకు ఉండిపోవడానికి సాగిన చర్మం కారణం కావచ్చు, కొవ్వు కావచ్చు, కండరాలు రెండుగా విడిపోవడం కావచ్చు, హెర్నియా కావచ్చు, చాలామందిలో వీటిలో రెండో మూడో కలిసే ఉంటాయి. ఒక్కో ఆపరేషన్ వీటిలో కొన్నిటినే సరిచేస్తుంది. నీ పొట్టలో ఏది పాడైందో తేలకుండా పేరు ఎంచుకుంటే డబ్బూ పోతుంది, మచ్చా మిగులుతుంది, అద్దంలో మాత్రం అదే పొట్ట కనిపిస్తుంది.

ఇవాళ పాప పడుకున్నాక ఒక పని చెయ్యి. నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచు. చూపుడు వేలు, మధ్య వేలు దగ్గరగా చేర్చి, కొసలు కాళ్ళ వైపు ఉండేలా బొడ్డుకి కాస్త పైన పెట్టి మెల్లగా నొక్కు. ఇప్పుడు తల, భుజాలు కొంచెం పైకి లేపు. రెండు పక్కల నుంచి రెండు గట్టి అంచులు వేళ్ళ వైపు జరుగుతున్నట్టు తెలుస్తుంది. ఆ అంచుల మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయి, ఎంత లోతుకి దిగుతున్నాయి అన్నది చూడు. బొడ్డు దగ్గర, బొడ్డుకి కింద కూడా ఇలాగే చూడు. సుమారు 2 సెంటీమీటర్లకి మించి ఎడం ఉంటే డాక్టర్లు డయాస్టాసిస్ అంటారు. నెలలు నిండేసరికి దాదాపు అందరికీ ఎంతో కొంత విడిపోతుంది, అది జబ్బేం కాదు, లోపల బిడ్డకి చోటు కావాలి కదా. చాలామందికి అది మళ్ళీ దగ్గరపడుతుంది, కొందరికి పడదు, అంతే.

డయాస్టాసిస్ అంటే చిల్లు కాదు. రెండు నిలువు కండరాలను కలిపి ఉంచే మధ్య పొర సాగి పల్చబడటం. ఆ పొరకి నిజంగా చిల్లు పడి లోపలిది బయటికి తోసుకొస్తే అది హెర్నియా. బొడ్డు దగ్గర చిన్న గడ్డలా ఉండి, దగ్గినప్పుడు పైకొచ్చి, నొక్కితే లోపలికి పోతుంటే డాక్టరుకి తప్పకుండా చూపించు. అదే గడ్డ గట్టిపడి, నొప్పి పెట్టి, నొక్కినా లోపలికి పోకపోతే, పైగా వాంతులు కూడా అవుతుంటే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళు.

కొవ్వు, చర్మం సంగతి నిలబడి చూసుకోవచ్చు. ముందుకి వంగు. పల్చటి చర్మం ముడతలుగా కిందికి వేలాడితే అది చర్మం, గుప్పెట్లో మందంగా దొరికితే కొవ్వు. పొట్ట గట్టిగా ఉబ్బెత్తుగా ఉండి చేతికి ఏమీ దొరకకపోతే అది లోపల పేగుల చుట్టూ ఉన్న కొవ్వు కావచ్చు, కండరాల ఎడం కూడా కావచ్చు. ఆ లోపలి కొవ్వుని ఏ సర్జనూ తియ్యడు, బరువు తగ్గితేనే పోతుంది. మన అంచనా ఎటూ అంచనాయే కాబట్టి కొలత కోసం ఒక అల్ట్రాసౌండ్ చేయించుకో. ఎడం ఎంతుందో, హెర్నియా ఉందో లేదో అందులో చాలావరకు తేలిపోతుంది.

కత్తి మాటకి ముందు ఫిజియోథెరపీ మాట చెబుతాను, మొహం అలా పెట్టకు. ఎడం తగ్గడం కానుపైన మొదటి రెండు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అయినా పొట్ట లోపలి పొర కండరాలకి, కటి కండరాలకి, ఊపిరికి కలిపి సరిగ్గా నేర్పించే ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఆరు నెలలు శ్రద్ధగా చేస్తే, ఎడం పూర్తిగా మూసుకోకపోయినా పొట్టకి పట్టు వస్తుంది, నడుము నొప్పి కూడా తగ్గొచ్చు. వీడియోలు చూసి సిటప్‌లు మొదలుపెట్టకు. లేస్తున్నప్పుడు పొట్ట మధ్యలో గుడారంలా పైకి పొంగిందంటే ఆ వ్యాయామం నీకు ఇప్పుడు పనికిరాదు. చర్మాన్ని మాత్రం ఏ వ్యాయామమూ బిగించదు, ఏ క్రీమూ బిగించదు. ఈ విషయంలో నీకు ఎవరు ఏం అమ్మజూపినా నమ్మకు.

ఇక నువ్వడిగిన పేర్లు.

నువ్వు టమ్మీ టక్ అని రాసినదాన్ని సర్జన్లు అబ్డామినోప్లాస్టీ అంటారు. పొత్తికడుపు అడుగున ఒక తుంటి ఎముక దగ్గర్నుంచి రెండో తుంటి ఎముక దాకా కోస్తారు. సిజేరియన్ మచ్చ ఉంటే చాలావరకు తీసేసే చర్మంతో పాటే పోతుంది. చర్మాన్ని, కొవ్వుని కలిపి పక్కటెముకల దాకా పైకి లేపి, విడిపోయిన కండరాలను ఛాతీ ఎముక కింద నుంచి అడుగుదాకా దగ్గరికి లాగి కుడతారు. తర్వాత చర్మాన్ని కిందికి లాగి, ఎక్కువైంది కోసి తీసేస్తారు. బొడ్డు జరిపేస్తారేమో అని అందరూ భయపడతారు. నిజానికి బొడ్డు ఉన్నచోటే ఉంటుంది, దాని మీదుగా చర్మమే కిందికి దిగుతుంది, దిగాక కొత్తగా చిల్లు చేసి బొడ్డుని బయటికి తెచ్చి చుట్టూ కుడతారు. మొదటిసారి థియేటర్లో చూసినప్పుడు నేను నోరెళ్ళబెట్టాను. చర్మం, ఎడం, బొడ్డు హెర్నియా మూడూ ఉన్నవాళ్ళకి ఒకేసారి సరిచేసేది ఇదే, కానీ మచ్చ కూడా దీనిదే పొడవు. కానుపు చారలు పోతాయా అని అడిగావు, బొడ్డుకి కింద ఉన్నవి ఆ చర్మంతోనే పోతాయి, పైన ఉన్నవి పోవు, కాస్త కిందికి జరుగుతాయి.

మినీ టమ్మీ టక్ అంటే కోత చిన్నది, పని బొడ్డుకి కిందే. విన్నప్పుడు హాయిగా ఉంటుంది. కానీ కానుపు వల్ల వచ్చే ఎడం ఎక్కువగా బొడ్డు దగ్గర, దాని పైన ఉంటుంది, అక్కడికి ఈ కోతలోంచి సరిగ్గా అందదు. అడుగున మాత్రమే కొద్దిగా చర్మం సాగిన సన్నటి వాళ్ళకి ఇది బాగుంటుంది. పూర్తిది అవసరమైనవాళ్ళు మచ్చకి భయపడి మినీ చేయించుకుని, పై పొట్ట అలాగే ఉందని రెండేళ్ళకి మళ్ళీ వచ్చిన సందర్భాలు నేను చూశాను.

లైపోసక్షన్ కొవ్వుని లాగుతుంది. ఎడాన్ని ముట్టుకోదు, చర్మాన్ని తీసెయ్యదు. ఇప్పటికే చర్మం వదులుగా ఉంటే కింద కొవ్వు పోయాక గాలి తీసిన బుడగలా ఇంకా వదులవుతుంది. టమ్మీ టక్‌తో కలిపి నడుము పక్కల చేస్తారు, అది వేరే సంగతి.

చర్మం బాగానే ఉండి, ఎడం, చిన్న హెర్నియా మాత్రమే ఉంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి కుట్టే పద్ధతులున్నాయి, అవసరమైతే మెష్ (వల లాంటి గుడ్డ) కూడా పెడతారు. నువ్వు లాప్రోస్కోపీ అని రాసింది దీని గురించే. చర్మం తీసెయ్యరు కాబట్టి, ఎక్కువ చర్మం ఉన్నవాళ్ళకి పైకి తేడా అంతగా కనిపించదు. ఇంకొకటి, హెర్నియాకి వెళ్ళినప్పుడు ఎడం కూడా ఉందని సర్జన్‌కి గుర్తుచెయ్యి. ఎడాన్ని వదిలేసి చిల్లు ఒక్కటే కుట్టేస్తే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా సాధారణంగా హెర్నియాని ఒకలా, అందం కోసం చేసేదాన్ని ఇంకోలా చూస్తారు, ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకో. నడుము చుట్టూ కోసేవి, నిలువుగా కూడా కోసేవి ఉన్నాయి కానీ అవి చాలా బరువు తగ్గినవాళ్ళకి, నీకు అక్కర్లేదు.

"సిజేరియన్‌తో పాటే చేసేస్తారట" అని నీ స్నేహితురాలు అన్నదన్నావు. వద్దు. అప్పుడు గర్భసంచి ఇంకా పెద్దగా ఉంటుంది, చర్మం వాచి సాగి ఉంటుంది, ఎంత తియ్యాలో తెలియదు, ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతాయి.

మరి ఎప్పుడు? రాత్రిళ్ళు ఇంకా పాలిస్తున్నానన్నావు, రెండో బిడ్డ సంగతి తేల్చుకోలేదన్నావు, బరువు ఇంకా దిగుతూనే ఉందన్నావు. ఈ మూడూ విన్నాక ఏ మంచి సర్జనైనా ఆగమనే అంటాడు. పాలు మానిపించి కనీసం మూడు నుంచి ఆరు నెలలు గడవాలి, బరువు కొన్ని నెలలుగా ఒకచోట నిలబడి ఉండాలి. ఆపరేషన్ తర్వాత గర్భం రాకూడదని కాదు, వచ్చినా సాధారణంగా బిడ్డకి భయమేం లేదు, కానీ కుట్టిందంతా మళ్ళీ సాగొచ్చు. అంత కష్టపడి ఎవరు రెండుసార్లు చేయించుకుంటారు చెప్పు.

అసలు కష్టం ఆపరేషన్ రోజు కాదు, ఇంటికొచ్చాక. నాకు టమ్మీ టక్ అయ్యాక, లోపల చేరే నీరు, రక్తం బయటికి రావడానికి పొట్టలోంచి రెండు గొట్టాలు వేలాడుతుండేవి, చివర గుప్పెడంత ప్లాస్టిక్ బుడగలు. పొద్దున, సాయంత్రం మూత తీసి, కొలపాత్రలో వంపి, ఎన్ని మిల్లీలీటర్లో పుస్తకంలో రాసి, బుడగని నొక్కి పట్టుకుని మళ్ళీ మూత పెట్టాలి, లేకపోతే అది లాగదు. మొదట్లో ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి లేత పసుపుగా వచ్చేది. రోజుకి 30 లోపు పడ్డాక, ఎనిమిదో రోజున తీశారు. ఈమధ్య లోపలే ప్రత్యేకంగా కుట్లు వేసి కొందరు గొట్టాలు లేకుండానే చేస్తున్నారు. వారం పైగా ముసలమ్మలా వంగి నడిచాను, నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి. వీపు కింద, మోకాళ్ళ కింద దిండ్లు. లేవాలంటే పక్కకి తిరిగి చేత్తో నెట్టుకుంటూ లేవాలి, దగ్గాలంటే దిండు పొట్టకి అదుముకోవాలి. మూడో రోజు ఊరికే ఏడుపొచ్చింది, ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అనుకున్నాను. అది చాలామందికి వస్తుంది, పోతుంది.

దీనికంటే కష్టం ఇంకొకటుంది. ఆరు వారాలు నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదన్నారు. మా చిన్నవాడికి అప్పటికి మూడేళ్ళు, రెండు చేతులూ చాచి పరిగెత్తుకొస్తే ఎత్తుకోలేక సోఫాలో కూర్చుని వాడినే ఎక్కి రమ్మనేదాన్ని. అందుకే తేదీ ఖాయం చేసేముందు పాపని ఎవరు ఎత్తుతారు, స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రి లేస్తే ఎవరు చూస్తారు అన్నది మీ ఆయనతో కూర్చుని పేర్లతో సహా రాసుకో. "చూసుకుందాంలే" అంటే ఒప్పుకోకు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాల్లో వెళ్ళొచ్చు కానీ వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది.

ముప్పుల్లో అన్నిటికంటే భయపడాల్సింది కాళ్ళల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరడం. అందుకే ఆపరేషన్ అయిన సాయంత్రమో మర్నాడో లేపి నడిపిస్తారు, నొప్పి అని మొండికెయ్యకు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా అదే నిమిషంలో ఆసుపత్రికి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగితే మీ ఆయన తరఫువాళ్ళు లెక్కలోకి రారు, నీ రక్త సంబంధీకుల సంగతి చెప్పు, మా అమ్మకి, అంటే మీ అమ్మమ్మకి, కాలులో గడ్డకట్టిందని నీకు తెలుసు కదా, అది మర్చిపోకుండా చెప్పు. చర్మం కింద నీరు చేరడం, కుట్టు దగ్గర చీము పట్టడం, అంచులు నల్లబడి మానకపోవడం కూడా జరుగుతుంటాయి. పొగ తాగేవాళ్ళకి మానకపోవడం మరీ ఎక్కువ, నువ్వు తాగవు, సరే.

బొడ్డుకీ మచ్చకీ మధ్య స్పర్శ పోతుంది. నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది, కొంతమేర రాకనూ పోవచ్చు. నాకు తెలిసీ ఒకరోజు నడుము నొప్పికి వాడిన వేడినీళ్ళ సంచిని అలాగే పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయాను, ఏమీ తెలియలేదు, పొద్దున్న చూస్తే బొబ్బ. నర్సుని అయ్యుండి! నువ్వు అలా చెయ్యకు. మచ్చ మొదట ఎర్రగా, గట్టిగా ఉండి నెమ్మదించడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. చామనఛాయ ఒంటికి ఉబ్బే అవకాశం కాస్త ఎక్కువ, నీ చెవి కుట్టిన చోట అప్పుడు గడ్డలా లేచింది కదా, ఆ సంగతి ముందే చెప్పు.

సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ ఉందా, మత్తు ఎవరిస్తారు, రాత్రి ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారు, ఇవి మొహమాటపడకుండా అడుగు. ఫొటోలు చూపిస్తే నెలకి తీసినవి కాదు, ఏడాదికి తీసినవి అడుగు. నీ పొట్ట మీద చెయ్యి వేసి, పడుకోబెట్టి తల ఎత్తించి చూడకుండానే ప్యాకేజీ మాట మొదలుపెట్టిన చోటి నుంచి లేచి వచ్చెయ్యి.

ముందు ఆ అల్ట్రాసౌండ్ చేయించి రిపోర్టు ఫొటో తీసి పంపు, ఫిజియోథెరపిస్ట్‌ని కూడా ఈ వారమే వెతుకు. ఇంకొకటి, పగలూ రాత్రీ బిగించుకుంటున్నానన్న ఆ బెల్టు పొట్టని తగ్గించదు, ఒత్తిడంతా కిందికి నెడుతుంది. తుమ్మినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నాయన్నావు చూడు, అది కూడా ఫిజియోథెరపిస్ట్‌కి చెప్పు. ఈ రాత్రికైతే ఆ బెల్టు తీసేసి పడుకో.

మీ పెద్దమ్మ