రాటర్‌డామ్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి సైకిల్ మీద: యూరోలు ఎక్కడ కారిపోతాయంటే

నెదర్లాండ్స్‌కి వచ్చిన మూడు నాలుగు నెలలకే మన పిల్లలందరికీ ఒక కోరిక పుడుతుంది: శని, ఆదివారాల్లో ఊరి నుంచి ఊరికి సైకిల్ మీద వెళ్లిరావాలని. మంచి కోరికే. దేశం దాదాపు అంతా బల్లపరుపు, దారి పొడవునా విడిగా సైకిల్ బాటలు. అయితే "ఖర్చేముంది అన్నా, తొక్కడమేగా" అని బయల్దేరిన వాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటారు. ముందొచ్చిన మేమందరం ఈ తప్పులన్నీ చేసి, డబ్బు కట్టి నేర్చుకున్నాం. మీరు ఊరికే నేర్చుకోండి.

ముందు దిశ సరిగ్గా పెట్టుకోవాలి. కొత్తవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలెట్టి దక్షిణానికి తొక్కుతారు. ఇక్కడ గాలి ఎక్కువ రోజులు నైరుతి నుంచే వీస్తుంది. కొండలు లేవు కాబట్టి దాన్ని ఆపేదీ లేదు. గంటకి 16 కిలోమీటర్లు తొక్కే మనిషి గట్టి ఎదురుగాలిలో పదికి పడిపోతాడు. మూడు గంటల దారి దాదాపు ఐదు గంటలవుతుంది, మధ్యలో కాళ్లు ఎత్తేసి రైలెక్కుతారు, అక్కడ మీ టికెట్‌తో పాటు సైకిల్‌కీ టికెట్ కొనాలి. అందుకని సైకిల్‌తో సహా రాటర్‌డామ్‌కి రైల్లో వెళ్లి, గాలిని వీపున పెట్టుకుని వెనక్కి రండి. డెల్ఫ్ట్, హేగ్ మీదుగా లైడెన్ దాకా సుమారు 45 కిలోమీటర్లు, మొదటి రోజుకి చాలు. రెండో రోజు హార్లెమ్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్‌కి మరో 50 పైచిలుకు. బయల్దేరే ముందు రోజు గాలి దిశ చూసుకోండి, తూర్పు గాలి ఉంటే వారం వాయిదా వేసినా తప్పులేదు.

సైకిల్ టికెట్ ఒక రోజుకి ఎనిమిది యూరోల దరిదాపు. పనిరోజుల్లో ఉదయం 6.30 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6.30 మధ్య సైకిల్‌ని ఎక్కనివ్వరు. మిగతా నిబంధనలు రైల్వే వాళ్ల సైట్‌లో ఉన్నాయి, చదువుకోగలరు.

స్టేషన్‌లో దొరికే నీలం పసుపు అద్దె సైకిల్, ఓవీ-ఫీట్స్, రోజుకి ఐదు యూరోల లోపే కదా అని చాలామంది దాన్నే తీసుకుంటారు. అది స్టేషన్ నుంచి ఆఫీసుకి వెళ్లడానికి చేసిన బండి. గేర్లు ఉండవు. పైగా రాటర్‌డామ్‌లో తీసి ఆమ్‌స్టర్‌డామ్‌లో వదిలితే అదనంగా పది యూరోలు. మూడు రోజులు దాటితే రోజువారీ అద్దె పెరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనండి, కానీ ముప్పై యూరోలకి రోడ్డు మీద అమ్మేవాడి దగ్గర వద్దు. అది దొంగ సైకిల్ అయితే కొన్న మీరూ నేరస్థులే. ఫ్రేమ్ నంబరు అడిగి, దొంగతనం రిజిస్టర్‌లో ఉందేమో చూసుకోండి. వెనక చక్రానికి బిగించిన రింగ్ తాళం ఒక్కటే సరిపోదు, ఎత్తుకుని వ్యాన్‌లో వేసుకుపోతారు. ఫ్రేమ్‌ని స్టాండుకి కట్టే గొలుసు తాళం కూడా ఉండాలి. ఆ గొలుసుకి పెట్టే డబ్బు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

పంక్చర్ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే పర్సు ఖాళీ అయ్యేది ఇక్కడే. షాపులో ఒక ప్యాచ్‌కి పదిహేను యూరోల పైనే పోవచ్చు, ఆదివారం చాలా షాపులు తెరవరు. ప్యాచ్ డబ్బా కొన్ని యూరోలే. ఇక్కడి పాత సైకిళ్ల టైరు చాలావాటికి 28 × 1½, మన ఊళ్లో నాన్నలు తొక్కిన పెద్ద సైకిల్ సైజే. ట్యూబు వాల్వ్ కూడా చాలాసార్లు అదే రకం. కానీ చైన్ పూర్తిగా కవర్‌లో ఉంటుంది, వెనక చక్రం ఊడదీస్తే మళ్లీ బిగించడానికి గంట పడుతుంది. ఊడదీయకండి. మన పంక్చర్ షాపు అతను చేసినట్టే చేయండి: సైకిల్‌ని సీటు, హ్యాండిల్ మీద తిరగేసి, టైరుని ఒక పక్క లివర్లతో లేపి, ట్యూబుని అక్కడికక్కడే బయటికి లాగండి. గాలి కొట్టి చెంప దగ్గర తిప్పితే ఎక్కడ చల్లగా తగిలిందో అక్కడే రంధ్రం. ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, వేలికి అంటనంత దాకా ఐదు నిమిషాలు ఆరనివ్వండి. తడి మీద అంటిస్తే పది కిలోమీటర్లకే ఊడుతుంది. ప్యాచ్ నొక్కాక టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి చూడండి. గాజుముక్క అక్కడే ఉంటే అదే చోట మళ్లీ దిగుతుంది. పంపు, రెండు లివర్లు, 15 నంబరు పానా సంచిలో ఉండాలి.

దారికి ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కితే జరిమానా, 2019 జులై నుంచి చట్టం. అవసరమూ లేదు. కూడళ్లలో క్నోపుంట్ బోర్డులు ఉంటాయి, ఒక్కో కూడలికి ఒక నంబరు. ఇంట్లోనే ప్లాన్ చేసి, నంబర్లు వరసగా కాగితం మీద రాసి హ్యాండిల్‌కి టేపుతో అంటించండి.

రాత్రికి హోటల్ వద్దు. 'ఫ్రీండెన్ ఆప్ డ ఫీట్స్' అని సైకిల్ మీద తిరిగేవాళ్ల కోసం ఒక సంస్థ ఉంది. సభ్యత్వం తీసుకుంటే డచ్ వాళ్ల ఇళ్లలోనే పడక, ఉదయం టిఫిన్, మనిషికి ముప్పై యూరోలకి అటూ ఇటూ. ముందే ఫోన్ చేసి చెప్పాలి. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకోండి, కుళాయి నీళ్లు ఎక్కడైనా తాగొచ్చు.

తాళాల రెండో చెవులు మాత్రం వెంట తీసుకెళ్లకండి, ఇంట్లోనే ఉంచండి. సైకిల్ పోతే చాలా బీమా కంపెనీలు రెండు చెవులూ చూపించమంటాయి, ఒక్కటి లేకపోయినా పైసా రాకపోవచ్చు.