ఉద్యోగం చేసుకుంటూ పిల్లల కథలను పుస్తకంగా తేవడం సాధ్యమేనా?

తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నానని, రాసిపెట్టుకున్న పిల్లల కథలు కొన్ని ఉన్నాయని, ఉద్యోగం మానకుండా వాటిని పుస్తకంగా తేవడం కుదురుతుందా అని మీరు అడిగారు. ఆఫీసులో చెప్పాలా వద్దా అన్న సందేహాన్ని కూడా జతచేశారు. నేను తిరుపతిలో ఉంటూ చిత్తూరులోని ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. పిల్లల కోసం నేను రాసిన బొమ్మల పుస్తకాలు కొన్ని అచ్చయ్యాయి. నా అనుభవంలో ఉద్యోగం ఈ పనికి అడ్డు కాలేదు సరికదా, అదే పెద్ద అండగా నిలిచింది. నెలనెలా జీతం వస్తున్నవారు పుస్తకం కోసం తొందరపడనక్కరలేదు, నచ్చని షరతులకు తలొగ్గనూ అక్కరలేదు.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కూడా కాదు. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాన్ని 2010లో ప్రారంభించినప్పుడు, తెలుగులో ఆ తొలి పురస్కారం అందుకున్నది మన పాకాల రచయిత కలువకొలను సదానంద గారు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. పెద్దల కథల్లో అంత పేరు గడించిన మధురాంతకం రాజారాం గారు కూడా దామలచెరువులో బడిపంతులుగా ఉంటూనే రాశారు.

సమయం గురించి మీరు పడుతున్న బెంగ నిజానికి అనవసరం. బొమ్మల పుస్తకంలో వచనం సాధారణంగా కొన్ని వందల మాటలకు మించదు కాబట్టి, దానిని రాయడానికి సెలవు పెట్టి కూర్చోవలసిన పని లేదు. చిత్తూరు బస్సులో కూర్చుని మనసులో అల్లుకున్న కథను ఆదివారం పొద్దున కాగితం మీద పెట్టవచ్చు. అసలు సమయం పట్టేది ఆ తరువాతే, అంటే పిల్లలకు చదివి వినిపించి, తిరగరాయడానికే. మీకు వారంలో దొరికే తీరిక రెండు గంటలే అయితే, ఒక గంట దీనికే కేటాయించమని చెబుతాను. సొంత పిల్లలకు వినిపిస్తే చాలదు, ఎందుకంటే వాళ్లు మన మీది ప్రేమతో దేనికైనా నవ్వుతారు. మీ పేటలోని ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, శనివారం ఒక పీరియడ్ అడగండి.

నేను ఒకసారి మూడో తరగతి పిల్లలకు తప్పిపోయిన మేకపిల్ల కథ చదువుతున్నాను. అందులో తెల్లవారుజామున శేషాచలం కొండల వర్ణన ఒకటి ఉండేది, దాన్ని నేను ఇష్టపడి రాసుకున్నాను. నేను ఆ వర్ణనలో ఉండగానే వెనక బెంచీలో చెప్పుల పోట్లాట మొదలైంది. ముందు వరుసలోని అమ్మాయి మాత్రం విసుగ్గా, “ఇంతకీ మేకపిల్ల ఇంటికి పోయిందా లేదా సార్?” అని అడిగింది. ఆ వర్ణన మొత్తం అక్కడే పోయింది. పత్రికా సంపాదకులు కథను తిప్పి పంపినప్పుడు కారణం చెప్పరు కానీ, పిల్లలు ఏ వాక్యం దగ్గర విసుగొచ్చిందో వేలుపెట్టి చూపిస్తారు.

బొమ్మల పుస్తకానికి రాయడంలో ఇంకొక మెలకువ ఉంది. రోజుకో వేషం వేసే మన తిరుపతి గంగమ్మ జాతర మీద ఒక కథ రాశాను. అందులోని కుర్రవాడు ఒకరోజు ఒళ్లంతా తెల్లని నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం, మరొకరోజు కుంకుమతో బండ వేషం, ఆపైన బొగ్గుతో తోటి వేషం వేస్తాడు. చిత్రకారుడు నా ప్రతి చదివి, “తెల్లగా పూసుకున్నాడని మీరే రాసేస్తే ఇక నేను గీసేదేముంది సార్?” అన్నారు. ఆయన మాట ప్రకారం రంగుల పేర్లన్నీ తీసేశాం. ఇప్పుడు ఆ పుటల్లో తెలుపు, ఎరుపు, నలుపు బొమ్మల్లోనే వస్తాయి. వచనంలో మిగిలింది కుర్రవాడికి దురద పుట్టడం, గోక్కోవద్దని నాయనమ్మ కేకలేయడం మాత్రమే. బొమ్మ చెప్పగలిగినదాన్ని మాటల్లో చెప్పకపోవడం అలవడితే, సగం పని అయినట్టే.

ఇక పంపడం. మొదట దినపత్రికల పిల్లల పేజీలకు, బాలల పత్రికలకు పంపండి. 1947లో మొదలైన చందమామ వంటి పత్రిక ఇప్పుడు లేకపోవడం లోటే అయినా, చిన్న కథలకు చోటు బొత్తిగా కరవైపోలేదు. కథతోపాటు అది మీ సొంత రచన అని, అనువాదమో అనుకరణో కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయడం మరవకండి. పుస్తకం దాకా వస్తే సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ అనే సంస్థ, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్, చెన్నైలోని తూలిక, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. పంపేముందు వాళ్ల పుస్తకాలు కొన్ని కొని చదవండి, ఎవరి అభిరుచి ఏమిటో తెలుస్తుంది. మీ ఖర్చుతో బొమ్మలు గీయించి పంపవలసిన పని లేదు, సాధారణంగా చిత్రకారులను ప్రచురణకర్తలే ఎంచుకుంటారు. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో ఎవరైనా తమ కథను నేరుగా పెట్టవచ్చు. అయితే అక్కడి కథలు ఉచిత లైసెన్సు కింద ఉంటాయి కనుక, రచయిత పేరు చెప్పి వాటిని ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న కథలనే అక్కడ పెట్టండి.

స్వీయ ప్రచురణను చివరి మార్గంగానే ఉంచుకోమంటాను. రంగుల పుస్తకానికి అచ్చు ఖర్చు ఎక్కువ, అమ్మకం కష్టం. మంచం కింద కట్టలు పేరుకుపోయిన రచయితలు మన ఊళ్లోనే కనిపిస్తారు. తప్పనిసరైతే పుటల సంఖ్య ఎనిమిదికి గుణిజంగా, అంటే 16, 24, 32గా ఉండేలా కథను ముందే విభజించుకోండి. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చినదాన్ని పుటలు అమర్చే డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు, పొల్లులు గల్లంతవుతుంటాయి కాబట్టి, ఆఖరి ప్రూఫును అక్షరం అక్షరం మీరే చూసుకోవాలి. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దానిని ఉచితంగానే ఇస్తుంది. “ఖర్చు మీది, ప్రచురణ మాది” అనేవాళ్లు కూడా తగులుతారు. అలాంటివాళ్లకు వద్దని చెప్పగలగడానికే జీతం అండ అన్నాను.

ఒప్పందం వచ్చినప్పుడు ఆనందంతో వెంటనే సంతకం పెట్టకండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లకని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకని చట్టం భావిస్తుంది. కనుక ఎన్నేళ్లకు, ఏయే భాషలకు, రాయల్టీ (అమ్మకాల మీద రచయితకు వచ్చే వాటా) ఎంత, లేక ఒకేసారి ఇచ్చే మొత్తమా అన్నవి కాగితం మీద స్పష్టంగా ఉండాలి. బొమ్మల పుస్తకంలో చిత్రకారులకూ వాటా ఉండటం న్యాయమే కాబట్టి, మీ వంతు తక్కువగా కనిపిస్తే వెంటనే అనుమానించకండి.

ఆఫీసు సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళి పుస్తకం ప్రచురించడానికి ముందస్తు అనుమతి అవసరం లేదంటుంది, అందులోని అభిప్రాయాలు తమ సొంతమని మాత్రం స్పష్టం చేయాలి. మీది ప్రైవేటు సంస్థ కాబట్టి నియామక పత్రం తీసి, ఇతర ఆదాయం గురించి, ఉద్యోగకాలంలో సృష్టించిన వాటి హక్కుల గురించి ఏం రాసి ఉందో చదవండి. ఆఫీసు కంప్యూటరులో మాత్రం కథలు రాయకండి. నేను మా మేనేజరుకు ఒక లేఖ ఇచ్చి, అందినట్టు నకలు మీద సంతకం చేయించుకున్నాను. రాయల్టీ ఎంత చిన్న మొత్తమైనా ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తున్నాను.