చిట్టెం కింద ఏముందో చూడండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి దగ్గరే మిషన్ పెట్టుకుని వెల్డింగ్ నేర్చుకుంటున్న వాళ్లు రాసినవే. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా హోల్డర్ పట్టినవాణ్ణి. ఇలాంటి ప్రశ్నలు చూస్తే చేతులు ఊరుకోవు. నాలుగింటికి జవాబులు రాస్తున్నాను. మొదటి దానికి కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను.

*మాస్టారూ, 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మిషన్ కొన్నాను. 16 గేజ్ స్క్వేర్ ట్యూబుతో పెరటి గేటు చేశాను. షాపులో ఇచ్చిన 10 గేజ్ రాడ్లే వాడాను. ఆంపియర్లు పెంచితే ట్యూబుకి చిల్లు పడుతోంది, తగ్గిస్తే రాడ్ అంటుకుపోతోంది. ఎలాగో పూర్తిచేసి, గ్రైండర్ పట్టి, రంగు వేస్తే చూడటానికి బాగానే ఉంది. నెల తిరక్కుండానే పై బందు ఊడిపోయింది. లోపం మిషన్‌దా, నా చేతిదా?*
– కె. ఎస్., నరసాపురం

మిషన్‌ది కాదండీ. చేతి సంగతి తర్వాత, ముందు రాడ్ చూద్దాం. 16 గేజ్ అంటే ట్యూబు గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. 10 గేజ్ రాడ్ 3.15 మిల్లీమీటర్లు. ఆ రాడ్ సరిగ్గా కరగాలంటే కనీసం 90 ఆంపియర్లు కావాలి. ఆ వేడికి మీ ట్యూబు ఆగదు. వేడి తగ్గిస్తే రాడ్ కరిగి పైన ముద్దలా కూర్చుంటుంది కానీ కింద ట్యూబు కరగదు. రెండు లోహాలూ కలిసి కరిగితేనే అతుకు. మీరు చేసింది అంటించడం. ఈ పనికి 12 గేజ్ రాడ్, అంటే 2.5 మిల్లీమీటర్లది, 55 నుంచి 70 ఆంపియర్ల మధ్య పెట్టి వాడండి. 2 మిల్లీమీటర్ల రాడ్ దొరికితే ఇంకా మంచిది, 40 నుంచి 55 చాలు. రాడ్ చివరికీ ఇనుముకీ మధ్య ఎడం రాడ్ మందాన్ని మించకూడదు. కొత్తవాళ్లు భయంతో చెయ్యి పైకి లాగుతారు. అప్పుడు చిటపటలు చెదిరి, పూస (రాడ్ కరిగి పడే గీత) వెడల్పై, లోపల గాలి బుడగలు మిగులుతాయి.

రెండోది బందు. గట్టి బందుని తెచ్చి పల్చని ట్యూబు గోడకి నేరుగా అతికించారనుకుంటున్నాను. అతుకు ఎంత బాగా పడినా గేటు బరువంతా 1.6 మిల్లీమీటర్ల రేకు మీదే వేలాడుతుంది, ఎప్పటికైనా అది చిరుగుతుంది. ముందు ఆ చోట 5 మిల్లీమీటర్ల ఫ్లాట్ ముక్క ఒకటి ట్యూబుకి చుట్టూ వెల్డ్ చేయండి. రాడ్ మొనని మందంగా ఉన్న ముక్క వైపు ఎక్కువసేపు ఉంచి, ట్యూబు మీదికి కొద్దిగా తాకించి వెనక్కి తీసుకురండి. బందుని ఆ ముక్క మీద పెట్టండి. మీ 10 గేజ్ రాడ్లు అప్పుడు పనికొస్తాయి, 100 నుంచి 110 ఆంపియర్లతో.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి రాడ్ల తేమ గురించి కూడా చెప్పాలి. కట్ట తీసి చెవి దగ్గర కదపండి. పొడిగా ఉంటే ఖంగుమంటాయి, తేమ పట్టినవి మొద్దుగా పలుకుతాయి. పై పూత మీద తెల్లటి పొడి కనిపించినా తేమ పట్టిందనే అర్థం. మామూలు 6013 రకం రాడ్లయితే వంటకు వాడని చిన్న ఓవెన్‌లో 100 నుంచి 110 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఆరబెట్టండి. ఎండలో పెడితే సరిపోదు. రాడ్‌ని ఇనుముకి ఆనించి ఎర్రగా కాల్చి ఆరబెట్టే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది, దాంతో పూత పాడవుతుంది, వద్దు.

కరెంటు ఎక్కడి నుంచి లాగుతున్నారో రాయలేదు. ఇంట్లోంచి పెరట్లోకి 30 మీటర్లు 1 ఎంఎం వైరుతో ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే, 15 ఆంపియర్లు తీసుకునేటప్పుడు 16, 17 వోల్టులు వైరులోనే పోతాయి. వైరు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. 4 ఎంఎం రాగి వైరు వేస్తే నాలుగైదు వోల్టులే పోతాయి. ఎర్త్ క్లాంపు కరిచే చోట తుప్పు, రంగు గీకెయ్యండి. చాలామంది అతుకు దగ్గర శుభ్రం చేసి క్లాంపు దగ్గర వదిలేస్తారు.

ఇప్పుడు గ్రైండర్ సంగతి. ఇది నా సొంత అనుభవం, నాకు ఇప్పటికీ మర్చిపోవడం కష్టం. పని నేర్చుకున్న రెండో ఏడాది ఒక ఇంటికి గేటు చేశాను. బందు దగ్గర సందు ఎక్కువ ఉంటే రాడ్ ముక్క ఒకటి అందులో దూర్చి, పైన వెల్డ్ నింపి, గ్రైండర్‌తో నున్నగా చేసి రంగు వేశాను. మూడో వారంలో రెక్క ఊడి పడింది. ఆ ఇంటి పెద్దావిడ అప్పుడే తులసికోట దగ్గరికని పక్కకి జరిగారు. మా మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బందుని హాక్సా బ్లేడుతో నా చేతే అడ్డంగా కోయించాడు. లోపల సగం మందం నల్లటి చిట్టెమే, అంటే రాడ్ పూత కరిగి గడ్డకట్టిన పెంకు. దూర్చిన రాడ్ ముక్క కరగకుండా అలాగే ఉంది. షాపుల్లో స్లాగ్ అంటారు, మా మేస్త్రి మాత్రం కమ్మరి కొలిమి మాట చిట్టెం అనే అనేవాడు.

ఆ రోజు నుంచి రాడ్ కంపెనీ మారినా, మిషన్ మారినా ఒక ముక్క వెల్డ్ చేసి విరగ్గొట్టి చూస్తాను. మీరూ చేయండి. 6 మిల్లీమీటర్ల ఫ్లాట్ పట్టీలు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబెట్టి ఒక పక్కనే రెండంగుళాలు వెల్డ్ చేయండి. చల్లారాక కింది పట్టీని వైస్‌లో బిగించి, వెల్డ్ లేని వైపు నుంచి సుత్తితో కొట్టి, నిలువు పట్టీని వెల్డ్ మీదికి పడగొట్టండి. విరిగిన చోట వేరు దగ్గర, అంటే రెండు పట్టీలూ కలిసిన మూలలో, చూడండి. పట్టీ అంచు కోసినప్పటి గీతలతో అలాగే మిగిలి ఉంటే అక్కడ కరగలేదు, ఆంపియర్లు చాలలేదు. నల్లటి గీత ఉంటే చిట్టెం చిక్కుకుంది. పురుగు తొలిచినట్టు చిల్లులుంటే తేమో, తుప్పో, రంగో. విరగకుండా మడత పడినా, విరిగిన చోట మొత్తం ఒకే బూడిద రంగులో కనిపించినా ఆ సెట్టింగు రాసి పెట్టుకోండి. ఇలా పది ముక్కలు విరగ్గొట్టాక ఆ బందు జోలికి వెళ్లండి.

*ట్రాక్టరు గొర్రు టైను విరిగితే లారీ కమాను పట్టీ ముక్క వేసి అతికిస్తున్నా సార్. వెల్డింగ్ గట్టిగనే ఉంటది, దాని పక్కన ఇనుమే పగులుతాంది. నీళ్లు పోసి చల్లార్చినా అంతే.*
– ఒక రైతు, సిద్దిపేట

ఆ నీళ్ల దగ్గరే ఉందన్నా చిక్కు. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేది గట్టిపడాలనే కదా. కమాను పట్టీలో కార్బన్ 0.5 శాతం పైనే ఉంటుంది, మామూలు యాంగిల్ ఇనుములో 0.25 శాతం లోపే. వెల్డ్ పక్కన ఎర్రగా కాలిన భాగం గబుక్కున చల్లారితే గాజులా పెళుసెక్కుతుంది. ఆకురాయితో గీసి చూడండి, జారిపోతుంది. నీళ్లు పోయకపోయినా చుట్టూ ఉన్న చల్లటి ఇనుమే ఆ వేడిని లాగేస్తుంది.

అందుకని ముందే వేడి చేయాలి. అతుకు రెండు పక్కలా మెరిసేలా గ్రైండ్ చేసి, గ్యాస్ బర్నర్‌తో గానీ బొగ్గుల కొలిమిలో గానీ నెమ్మదిగా వేడెక్కించండి. మెరిసే చోట ఎండుగడ్డి రంగు వస్తే 220, 240 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. నీలం తిరిగితే 300కి చేరినట్టు. ఈ రెంటి మధ్యలో పని పూర్తి చేయాలి. రాడ్ 7018 (హైడ్రోజన్ తక్కువగా వదిలే రకం) వాడండి, కానీ ప్యాకెట్ సీలు తీసి ఉన్నది కొనకండి. తేమ పట్టిన 7018ని 300 డిగ్రీల పైన గంటకు తగ్గకుండా కాలిస్తే గానీ పనికిరాదు. తేమలోంచి వచ్చే హైడ్రోజన్ కూడా ఈ పగుళ్లకు కారణమే. పని అయ్యాక ముక్కని పొడి ఊక బూడిదలో తెల్లారేదాకా పాతిపెట్టండి. రైస్ మిల్లులో అడిగితే ఊరికే ఇస్తారు. బండికి వాడే కమాను పట్టీని మాత్రం ఇలా అతికించి మళ్లీ బండికి ఎక్కించకండి, కొత్తది వేయించండి.

*మా అబ్బాయి మేడ మీద జీఐ పైపులతో పందిరి వెల్డింగ్ చేశాడు. రాత్రి చలిజ్వరం వచ్చి, మర్నాటికి తగ్గింది. పాలు తాగితే ఏమీ కాదని పక్కింటి వాళ్లు అంటున్నారు. నిజమేనా?*
– ఒక తల్లి, కాకినాడ

నిజం కాదమ్మా. పాలు కడుపులోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. జీఐ పైపు మీద ఉన్న జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుము కరిగే వేడి దానికి ఎంతో పైన. ఆ తెల్లటి పొగ పీల్చిన కొన్ని గంటలకు చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈసారి అతుకు చుట్టూ అంగుళం మేర, పైపు లోపలి అంచుతో సహా జింకు గ్రైండ్ చేయమనండి. అప్పుడూ మాస్కు ఉండాలి. లోహపు పొగ ఆపే ఫిల్టరు మాస్కే కావాలి, మూతికి కట్టే రుమాలు ఆపదు. ఫ్యాను పక్క నుంచి పెట్టి పొగని ముఖానికి దూరంగా తోలాలి. జింకు తీసేస్తే అతుకులో బుడగలు కూడా తగ్గుతాయి. పని అయ్యాక ఆ చోట జింక్ పెయింట్ వేయాలి, లేకపోతే ముందు తుప్పు పట్టేది అక్కడే.

*కొత్త రేకుతో నీళ్ల ట్యాంకు చేశాను. నీళ్లు నింపకుండా లీకు తెలుసుకోవచ్చా?*
– పి. ఆర్., ఒంగోలు

తెలుసుకోవచ్చు. బయట అతుకుల మీద చాక్ పొడి నీళ్లలో కలిపి పూసి ఆరనివ్వండి. లోపలి వైపు నుంచి అతుకుల మీద కిరోసిన్ గుడ్డతో రాసి గంటసేపు ఆగండి. సన్నటి చిల్లు ఉన్నా తెల్లటి పూత మీద మరక తేలుతుంది. ఆ మరక మీద ఇంకో పూస వేస్తే ఆగదు. అక్కడ గ్రైండ్ చేసి చిల్లు పోయేదాకా తవ్వి, కిరోసిన్ మొత్తం తుడిచి, ఆరాక వెల్డ్ చేయండి. అన్నట్టు, తర్వాతి ట్యాంకు పాత డీజిల్ డ్రమ్ముతో చేయాలనుకుంటే వద్దు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ పడితే పేలుతుంది.