యూరోలో చేరితే దేశం సార్వభౌమత్వం పోతుందా? ఫిన్లాండ్‌లోనూ స్వీడన్‌లోనూ పనిచేశాక నా జవాబు

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. యూరో తీసుకున్న దేశం తన సార్వభౌమత్వాన్ని వదులుకున్నట్టేనా అన్నది మొదటిది. మన రాష్ట్రాలన్నీ ఒకే రూపాయితో నడుస్తుంటే యూరప్‌లో ఒకే కరెన్సీ మీద ఇంత గొడవ దేనికి అన్నది రెండోది. నేను ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఔలు నగరంలో కొన్నేళ్లు యూరోల్లో జీతం తీసుకున్నాను. తర్వాత స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు మారాను, ఇక్కడ జీతం క్రోనాల్లో వస్తుంది. ఆర్థికశాస్త్రం చదివినవాణ్ని కాదు. రెండు వైపులా బతికాను కాబట్టి చెబుతున్నాను.

సొంత కరెన్సీ వదులుకుంటే అధికారంలో ఒక ముఖ్యమైన భాగం నిజంగానే పోతుంది. రోజులు బాగున్నప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. దేశానికి దెబ్బ తగిలినప్పుడు సర్దుకోవడానికి ఉన్న దారుల్లో ఒకటి మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు సర్దుబాటంతా జీతాల మీద, పనిగంటల మీద, ఉద్యోగాల మీద పడుతుంది. ఔలులో అది మా కళ్ల ముందే జరిగింది.

ఫిన్లాండ్‌కు 2008 తర్వాత దెబ్బ మీద దెబ్బ తగిలింది. 2009 ఒక్క ఏడాదిలోనే జీడీపీ 8 శాతం పైగా పడిపోయింది. నోకియా ఫోన్ల వ్యాపారం కుప్పకూలి 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. కాగితం వాడకం తగ్గి పేపర్ మిల్లులు మూతపడ్డాయి. 2014 తర్వాత ఆంక్షలతో రష్యా వ్యాపారం కూడా దెబ్బతింది. ఔలు అంటేనే నోకియా ఊరు. మన తెలుగువాళ్లు సహా ఎంతోమంది ఇంజినీర్లు ఆ పరిశ్రమను నమ్ముకుని అక్కడికి వచ్చారు. అక్కడ ఉద్యోగాలు తీసేసే ముందు కంపెనీ సిబ్బంది ప్రతినిధులతో చట్టప్రకారం చర్చలు జరపాలి, వాటిని అందరూ యూటీ అనేవారు. ‘మీ దగ్గర యూటీ మొదలైందా?’ అన్నదే ఆ రోజుల్లో లంచ్ దగ్గర మొదటి మాట. నేను పనిచేసిన కంపెనీలోనూ నడిచింది. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ రెట్టింపు. ఉద్యోగం పోతే ఇంటి లోన్ ఒక్కటే కాదు, దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకం అవుతుంది.

ఇలాంటి కష్టం ఫిన్లాండ్‌కు కొత్త కాదు. 1990ల మొదట్లో సోవియట్ మార్కెట్ మాయమై, బ్యాంకులు దెబ్బతిని, అంతకన్నా పెద్ద సంక్షోభం వచ్చింది. అప్పట్లో వాళ్లకు మార్కా అనే సొంత కరెన్సీ ఉండేది. 1992 సెప్టెంబర్‌లో దాని విలువను మార్కెట్‌కు వదిలేశారు, బాగా పడింది. ఫిన్లాండ్ సరుకు బయటి దేశాలకు చవకై ఎగుమతులు లేచాయి. అయితే అది నొప్పి లేని మందు కాదు. విదేశీ కరెన్సీలో అప్పు తీసుకున్న చిన్న వ్యాపారులు రాత్రికి రాత్రే మునిగిపోయారు, నిరుద్యోగం ఏళ్ల తరబడి వెంటాడింది. ఔలులో పెద్దవాళ్లు ఆ కాలం గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

రెండోసారి దెబ్బ తగిలేసరికి మార్కా లేదు. 1999 మొదటి రోజునే ఒక యూరోకు 5.94573 మార్కాల లెక్కన రేటు శాశ్వతంగా బిగించేశారు. అందుకని ఖర్చులు తగ్గించే పని మనుషులే కూర్చుని చేయాల్సి వచ్చింది. ప్రధాని యుహా సిపిలా ప్రభుత్వం పట్టుబట్టగా 2016లో యూనియన్లు, యజమానులు పోటీతత్వ ఒప్పందం మీద సంతకం చేశారు. దాన్ని అందరూ కికీ అని పిలిచారు. ఏడాదికి 24 గంటల పని అదనం, దానికి జీతం లేదు. మా దగ్గర అది రోజుకు ఆరు నిమిషాలైంది. ప్రభుత్వ ఉద్యోగులకు సెలవు బోనస్‌లో 30 శాతం కోత పడింది. యజమానులు కట్టే బీమా చందాలో కొంత ఉద్యోగుల మీదికి వచ్చింది.

ఆరు నిమిషాలే కదా అనిపించవచ్చు. కానీ అసలు విషయమంతా అందులోనే ఉంది. కరెన్సీ పడిపోయినప్పుడు అందరి కొనుగోలు శక్తీ ఒకేసారి, ఎవరి సంతకం లేకుండా తగ్గుతుంది. యూరోలో ఉన్నప్పుడు నర్సు బోనస్ ఎంత తగ్గాలో, ఫ్యాక్టరీ కార్మికుడు ఎన్ని గంటలు ఎక్కువ చేయాలో బల్ల చుట్టూ కూర్చుని బేరమాడాలి. అందులో ఒక నిజాయితీ ఉంది, ఎవరి నుంచి ఎంత తీసుకుంటున్నారో కనిపిస్తుంది. కానీ 2008లో తగిలిన దెబ్బకు 2016లో ఒప్పందం కుదిరింది. ఆ మధ్యలో ఉద్యోగాలు పోయినవాళ్ల సంగతేమిటి? నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ ఆలస్యమే.

తప్పంతా యూరోదే అని మాత్రం అనను. 2007లో కుదిరిన జీతాల ఒప్పందాలు చాలా ఉదారంగా ఉన్నాయి. స్మార్ట్‌ఫోన్ల విషయంలో నోకియా వెనకబడటానికీ, యూరో వడ్డీ రేట్లు నిర్ణయించే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్‌కూ సంబంధం లేదు. దెబ్బ యూరో వల్ల తగల్లేదు, తట్టుకునే విధానం మాత్రం యూరో వల్ల మారింది.

అదే సమయంలో పక్కనే ఉన్న స్వీడన్‌ను చూడండి. ఔలు నుంచి కారులో వెళ్తే టోర్నియో వస్తుంది, సరిహద్దు దాటితే స్వీడన్ వైపు హపరాండ. రెండూ కలిసిపోయిన ఊళ్లు. ఒకవైపు యూరో, ఇంకోవైపు క్రోనా, గడియారంలో గంట తేడా. దుకాణాల్లో రెండు కరెన్సీలూ చెల్లుతాయి. 2008కి ముందు యూరోకు సుమారు 9.4 క్రోనాలు వచ్చేవి, 2009 మొదట్లో 11 దాటింది. స్వీడన్ సరుకు చవకైంది, ఆ దేశం 2010లోనే గట్టిగా లేచింది. ఫిన్లాండ్ జీడీపీ మళ్లీ 2008 స్థాయికి రావడానికి దాదాపు దశాబ్దం పట్టింది. ఈ లెక్కలు చూసి చాలామంది ‘చూశారా, సొంత కరెన్సీ ఉంటే ఇలా ఉంటుంది’ అంటారు. నేను స్వీడన్ వచ్చాక అదే క్రోనా రెండో ముఖం చూశాను.

2021లో ఎనిమిదిన్నర రూపాయలు దాటి ఉన్న క్రోనా, 2023 వేసవి చివరికి ఏడున్నర దగ్గరికి పడింది. యూరోతో చూస్తే ఒక యూరోకు 12 క్రోనాల దగ్గరికి వెళ్లింది. నా జీతం స్లిప్‌లో ఏమీ మారలేదు. ఇంటికి పంపే డబ్బు, ఇండియాలో కట్టే ఈఎంఐ, విమానం టికెట్టు మాత్రం మారిపోయాయి. స్వీడన్‌వాళ్లకు కాఫీ, కూరగాయలు, విదేశీ సెలవులు అన్నీ ఖరీదయ్యాయి. ఈ కోత మీద ఏ యూనియనూ సంతకం చేయలేదు, ఏ ఎన్నికల్లోనూ ఎవరూ అడగలేదు.

వడ్డీ రేట్ల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. సొంత కరెన్సీ ఉన్నా స్వీడన్ కేంద్ర బ్యాంకైన రిక్స్‌బ్యాంక్ 2023 సెప్టెంబర్‌కు తన రేటును 4 శాతానికి తెచ్చింది. అదే నెలలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ డిపాజిట్ రేటు కూడా 4 శాతమే. తగ్గించడం మాత్రం రిక్స్‌బ్యాంక్ 2024 మేలో మొదలుపెట్టింది, ఫ్రాంక్‌ఫర్ట్ జూన్‌లో. అంటే మామూలు రోజుల్లో స్వీడన్ స్వేచ్ఛ కొన్ని వారాల ముందూ వెనకా అంతే. 12 నెలల యూరిబోర్ (యూరో బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే వడ్డీ రేటు) మీద ఇంటి లోన్ తీసుకున్న ఔలు స్నేహితులూ, మారే వడ్డీ మీద తీసుకున్న ఇక్కడివాళ్లూ ఒకే రకంగా నలిగారు. ఆ స్వేచ్ఛ విలువ 2009 లాంటి ఏడాదిలోనే తెలుస్తుంది.

స్వీడన్‌లో ఈ నిర్ణయం జనం చేశారు. 2003 సెప్టెంబర్ 14న జరిగిన రెఫరెండంలో దాదాపు 56 శాతం వద్దన్నారు. యూరో తరఫున ప్రచారం చేసిన విదేశాంగ మంత్రి అన్నా లిండ్‌ను పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు స్టాక్‌హోమ్‌లో కత్తితో పొడిచి చంపారు. దేశమంతా దుఃఖంలో ఉన్నా తీర్పు మారలేదు. ఇంకో విషయం తెలుసుకోవాలి. డెన్మార్క్‌కు ఒప్పందంలోనే మినహాయింపు ఉంది, స్వీడన్‌కు లేదు. చట్టప్రకారం ఎప్పటికైనా చేరాల్సిందే. చేరడానికి ముందు తన కరెన్సీ విలువను కొంతకాలం యూరోకు దగ్గరగా నిలిపి ఉంచే మెట్టు ఒకటి దాటాలి, స్వీడన్ దాన్ని కావాలనే ఎక్కకుండా ఇన్నేళ్లుగా బయట ఉంది.

ఫిన్లాండ్ రెఫరెండం లేకుండానే చేరింది, 1998లో పార్లమెంటే తేల్చింది. తర్వాత యూరో సభ్యత్వం మీద రెఫరెండం కావాలని 50 వేలకు పైగా సంతకాలతో పౌరుల విజ్ఞప్తి వచ్చింది, 2016లో పార్లమెంట్ చర్చించింది, కానీ అది ముందుకు సాగలేదు. ఎందుకు సాగలేదో మా టీమ్‌లోని ఒక పెద్దాయన వల్ల అర్థమైంది. ఆయన అన్నయ్య పేపర్ మిల్లులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అయినా యూరో వదిలేద్దామంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. ‘మాకు రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, నిర్ణయాలు జరిగే ప్రతి గదిలో మేం ఉండాలి’ అనేవారు. సార్వభౌమత్వం అంటే ఆయనకు సొంత నోటు కాదు, ఒంటరిగా మిగలకపోవడం. ఆ మాట విన్నాక ఈ చర్చను జీడీపీ అంకెలతో తేల్చేవాళ్ల మీద నాకు నమ్మకం తగ్గింది.

ఇక అప్పుల్లో మునిగి, మిగతా యూరో దేశాలిచ్చిన రుణాలతో నెట్టుకొచ్చిన గ్రీస్. సార్వభౌమత్వం పోవడం అంటే ఏమిటో అందరికంటే కటువుగా తెలిసింది వాళ్లకే. 2015 జూన్ చివర్లో గ్రీస్ బ్యాంకులకు ఇచ్చే అత్యవసర నగదును యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ పెంచకుండా ఆపింది. బ్యాంకులు మూడు వారాలు మూతపడ్డాయి, ఏటీఎంలో మనిషికి రోజుకు 60 యూరోలే. జూలై 5న రెఫరెండంలో 61 శాతం మంది రుణదాతల షరతులు వద్దన్నారు. వారం తిరిగేసరికి అంతకన్నా కఠినమైన షరతులకు అదే ప్రభుత్వం తలవంచింది. నగదు ఆపగల మీట సొంత దేశం చేతిలో లేనప్పుడు 61 శాతం ఓటు కూడా నిలబడలేదు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఏ లెక్క చెప్పినా అది ప్రజాస్వామ్యానికి తగిలిన గాయమే.

కానీ అప్పుడు ఫిన్లాండ్‌లో మాటలు మరోలా ఉండేవి. ‘మా బోనస్‌లు కోసి వాళ్లకు అప్పిస్తారా?’ అని మామూలు మనుషులు అడిగేవారు. అప్పులివ్వడాన్ని వ్యతిరేకించిన ఫిన్స్ పార్టీకి 2011 ఎన్నికల్లో 19 శాతం ఓట్లు వచ్చాయి. ఆ ఒత్తిడితోనే ఫిన్లాండ్ గ్రీస్ నుంచి విడిగా తాకట్టు అడిగి తీసుకుంది. గ్రీస్ ఓటరుకు ఎంత హక్కుందో, తన పన్ను ఎక్కడికి పోతుందో అడిగే ఫిన్లాండ్ ఓటరుకూ అంతే హక్కుంది. ఇద్దరినీ కలిపి తీర్పు చెప్పించే ఎన్నిక మాత్రం యూరప్‌లో లేదు. చిక్కుముడి అక్కడే ఉంది.

సొంత నోటు ఉన్నంత మాత్రాన చేతిలో అధికారం ఉన్నట్టు కాదనడానికి డెన్మార్క్ మంచి ఉదాహరణ. 2000లో జనం యూరో వద్దన్నారు, కానీ వాళ్ల క్రోన్ యూరోకు సుమారు 7.46 దగ్గర కట్టేసి ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ రేటు మారిస్తే కోపెన్‌హాగన్ సాధారణంగా వెంటనే అదే దారిలో వెళ్తుంది, ఆ నిర్ణయంలో ఓటు మాత్రం ఉండదు. బల్గేరియా లెవ్ కూడా 1997 నుంచి ఇలాగే ముందు జర్మన్ మార్క్‌కు, తర్వాత యూరోకు కట్టేసి ఉండేది. 2026 జనవరి 1న ఆ దేశం యూరోలో చేరినప్పుడు వడ్డీ రేట్ల మీద కొత్తగా పోగొట్టుకున్న స్వేచ్ఛ దాదాపు ఏమీ లేదు, పైగా నిర్ణయించే మండలిలో కుర్చీ దొరికింది. అయినా అక్కడ రెఫరెండం కావాలని జనం వీధుల్లోకి వచ్చారు. అడగకుండా చేశారన్న బాధ అది, దాన్ని నేను తప్పుపట్టను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు సొంత వడ్డీ రేటు లేదు, సొంత మారక రేటు లేదు. అయినా నడుస్తోంది. కేంద్రం పన్నులు వసూలు చేసి ఫైనాన్స్ కమిషన్ లెక్క ప్రకారం రాష్ట్రాలకు పంచుతుంది. 14వ కమిషన్ ఆ వాటాను 42 శాతానికి పెంచింది, విభజన తర్వాత లోటులో పడ్డ ఆంధ్రకు ప్రత్యేకంగా రెవెన్యూ లోటు గ్రాంటూ ఇచ్చింది. శ్రీకాకుళంలో పని లేకపోతే మనిషి హైదరాబాద్‌కో చెన్నైకో రైలెక్కుతాడు. మనం కట్టే పన్నుకు తగ్గ వాటా రావట్లేదని దక్షిణాది రాష్ట్రాలు గట్టిగానే అడుగుతున్నాయి. ఫిన్లాండ్ ఓటరు అడిగేదీ అలాంటిదే. కానీ మనకు ఆ కోపం చూపడానికి ఒక లోక్‌సభ ఎన్నిక ఉంది. యూరోపియన్ యూనియన్ మామూలు బడ్జెట్ సభ్యదేశాల ఆదాయంలో ఒక శాతం చుట్టూనే ఉంటుంది. కరెన్సీని కలిపారు, ఖజానాను కలపలేదు.

కలిపే వైపు పెద్ద అడుగు కోవిడ్ సమయంలో పడింది. 750 బిలియన్ యూరోల రికవరీ ఫండ్ కోసం యూనియన్ తన పేరు మీదే ఉమ్మడిగా అప్పు చేసింది. దానికి ప్రతి దేశం ఆమోదం కావాలి. ఫిన్లాండ్ పార్లమెంట్ రాజ్యాంగ కమిటీ, ఇది దేశ అధికారాలను తాకే విషయం కాబట్టి మామూలు మెజారిటీ చాలదు, మూడింట రెండొంతుల మద్దతు కావాలని తేల్చింది. 2021 మేలో ఓటింగ్ జరిగినప్పుడు నేను గోథెన్‌బర్గ్‌లో ఉన్నా, ఔలు స్నేహితులతో మెసేజ్‌లు పెట్టుకుంటూ గమనించాను. 134 మంది అవునన్నారు, 57 మంది కాదన్నారు. యూరోలో చేరడానికి ప్రజల్ని నేరుగా అడగని దేశం, ఉమ్మడి అప్పు దగ్గరికి వచ్చేసరికి తన పార్లమెంటులోనే గీతను అంత ఎత్తున గీసుకుంది.